తొట్టి నడుమ పలకరాయి

రమణమ్మకు కడుపు మండేది రెండున్నర లీటర్ల దగ్గర.

పొద్దున పాలకేంద్రంలో తన క్యాన్ వంచితే నాలుగున్నర లీటర్లు పడేవి. తోడికోడలు శేషమ్మ క్యాన్ వంచితే ఏడు. ఆ తేడాకే మంట. ఆ అంకె మిషన్ మీద ఎర్రగా వెలిగేది. అందరికీ కనబడుతూనే ఉంటుంది, అయినా కేంద్రం నడిపే ఫణికృష్ణ పైకి చదివేవాడు. చదవకపోతే వాడికి తెల్లారదు.

"రమణక్కా, నాలుగున్నర. శేషమ్మక్కకు నిన్న ఏడు పడినాయి. ఒక తల్లి కడుపున పుట్టిన బర్రెలే గదక్కా రెండూ? మీది ఏమన్నా అలిగిందా?"

"మీ ఇంట్లో ఎవురన్నా అలిగినారేమో పోయి చూసుకో. నా బర్రె సంగతి నీకెందుకు?"

అందుకే ఆమె అందరికంటే ముందు కేంద్రానికి వచ్చేది. నలుగురూ చేరకముందే పోసేసి వెళ్లిపోతే పోలిక ఉండదని. శేషమ్మ అందరికంటే చివర వచ్చేది, వక్క నములుతూ, తొందరేమీ లేకుండా. సోమరిదానికి ఏడు లీటర్లు, లేచి పరుగెత్తేదానికి నాలుగున్నర! ఇదెక్కడి న్యాయమని రమణమ్మ రోజూ తనను తాను అడిగేది.

"శేషమ్మది చెయ్యి మంచిది" అని ఊళ్లో మాట. రాళ్లవాగుపల్లెలో ఈ మాట అనని ఆడది లేదు. చచ్చిపోయేముందు అత్త కూడా అదే అనిపోయింది. చెయ్యి మంచిదంటే ఏమిటి? ఐదు వేళ్లే కదా దానికీ. తన చేతికి ఏం రోగం? ఊరు ఒక మాట పట్టుకుందంటే వదలదు. ఒకదాన్ని నెత్తికి ఎత్తుకుంటుంది, పక్కదాన్ని తొక్కుతుంది. తొక్కుడు పడినదానికి ఎట్లా ఉంటుందో ఊరికి పట్టదు.

అన్నిటికంటే నొప్పి ఏమిటంటే, ఈ బర్రెను ఏరుకున్నది రమణమ్మే.

మూడేళ్ల కింద అన్నదమ్ములు వేరుపడ్డారు. వేరుపడేటప్పుడు అక్కడొక పద్ధతి ఉంది. పెద్దవాడు భాగాలు పెట్టాలి, చిన్నవాడు ముందు ఏరుకోవాలి. పెద్దవాడు మోసం చేయకుండా పెద్దలు పెట్టిన కట్టు అది. కొట్టంలో రెండు పడ్డలు ఉన్నాయి, తుమ్మెద, కాటుక. రమణమ్మ మొగుడు గురవయ్య చిన్నవాడు. అతను నోరు తెరవకముందే రమణమ్మ అనేసింది, "మాకు కాటుక." కాటుక ఎత్తుగా, నిగనిగలాడుతూ ఉండేది. తుమ్మెద బక్కది. శేషమ్మ నవ్వి, మిగిలిన తాడు పట్టుకొని పోయింది.

ఇప్పుడు ఆ బక్కది ఏడు లీటర్లు ఇస్తోంది. మోసపోయానని చెప్పుకోవడానికి మోసం చేసినవాడు కూడా లేడు.

ఇల్లు, పెరడు పంచుకున్నారు. నీళ్ల తొట్టి ఒకటే. మామ బతికున్నప్పుడు మార్కాపురం పలకల క్వారీలో పని చేసేవాడు. పలకలకు పనికిరావని పక్కన పడేసిన మందపాటి బండలు తెచ్చి, నాలుగు వైపులా నిలబెట్టి, సిమెంటు పూసి కట్టాడు. నల్లటి తొట్టి, ఎండకు చల్లగా ఉంటుంది. దాన్ని పగలగొట్టి పంచుకుంటారా? నడుమ ఇంకొక పలకరాయి నిలబెట్టారు. ఇటు సగం రమణమ్మది, అటు సగం శేషమ్మది. ఒక్కో సగంలో పది బకెట్ల నీళ్లు పడతాయి. మేస్త్రి సాయంత్రం బస్సుకు పోవాలని అడుగున సిమెంటు చేతికొచ్చినట్టు పూసి పోయాడు. ఆ సంగతి అప్పుడు ఎవరూ చూడలేదు.

నీళ్ల సంగతి చెప్పాలి. ఈ ఎండాకాలం ఊళ్లో బోర్లన్నీ చచ్చిపోయాయి. ఎనిమిది వందల అడుగులు పొడిచినా దుమ్మే లేచింది. రెండు రోజులకొకసారి ట్యాంకర్ వస్తుంది. దానితో వచ్చే మనిషి "ఇంట్లో ఎంతమంది?" అని అడిగి బిందెలు లెక్కేస్తాడు. బర్రెలు ఎన్ని అని అడగడు. బర్రె ఇచ్చే పాలు మాత్రం అందరికీ పొద్దున్నే కాఫీలోకి కావాలి. ఊరి మొదట్లో పశువులకని కట్టిన సిమెంటు తొట్టి ఒకటుంది. నీలం రంగు వేశారు, మీద బర్రె బొమ్మ గీశారు, కొబ్బరికాయ కొట్టారు. కొళాయి పెట్టడం మరిచారు. బొమ్మ బర్రెకు దప్పిక కాదు కాబట్టి ఎవరికీ ఇబ్బంది లేదు.

కాబట్టి గొడ్ల నీళ్లు మనుషులే మోయాలి. కిలోమీటరు అవతల బత్తాయి తోటలో ఒక బోరు ఇంకా పోస్తోంది. గురవయ్యా, అతని అన్నా టీవీఎస్ బండ్లకు రెండు వైపులా క్యాన్లు కట్టుకొని ఎవరివి వాళ్లు తెచ్చేవాళ్లు. రోజుకు నాలుగు బకెట్ల నీళ్లు కాటుకకు. ఇంకో తిరుగుడు తిరుగుతానని గురవయ్య అంటే రమణమ్మే వద్దనేది.

"చాలు. నీళ్లు ఎక్కువ తాపితే పాలు పల్చనైతాయి. ఫ్యాట్ పడిపోతది. చిక్కదనం కావాలంటే కడుపు తడపాల, నింపకూడదు."

ఈ మాట ఆమెకు ఎవరు చెప్పారో ఆమెకే తెలియదు. పాలలో నీళ్లు పోస్తే పల్చనవుతాయి, కాబట్టి బర్రెలో పోసినా పల్చనవుతాయని ఊళ్లో సగం మంది నమ్మకం. శేషమ్మ ఎంత పోస్తుందో రమణమ్మ ఎన్నడూ చూడలేదు. శేషమ్మ పాలు పిండి, బర్రెకు నీళ్లు పోసి, తర్వాత కేంద్రానికి బయలుదేరేది. ఆ వేళకు రమణమ్మ కేంద్రం వరసలో మొదట నిలబడి ఉండేది. తిరిగి వచ్చేసరికి తన వైపు తొట్టి అడుగు తేలి ఉండేది. పోసింది తాగేసిందిలే అనుకునేది.

వైశాఖంలో ఒకరోజు మధ్యాహ్నం ఆమెకు అనుమానం పుట్టింది. ఆ రోజు పొద్దున తుమ్మెద ఏడుంపావు ఇచ్చింది. ఆ పావు ఆమెను కుదురుగా కూర్చోనీయలేదు. రెండు బకెట్లు తన సగంలో పోసి, కాటుకను దూరంగా వేపచెట్టుకు కట్టేసి, పిల్లల సంచిలోంచి బలపం తెచ్చి నడిమి రాయి మీద నీటిమట్టం దగ్గర గీత గీసింది. పలకరాయే కదా, గీత తెల్లగా పడింది. గడ్డికి పోయి మూడు గంటలకు వచ్చింది.

నీళ్లు గీత కంటే రెండు వేళ్లు కిందికి దిగాయి.

కాటుక చెట్టు కిందే ఉంది. అవతలి సగంలో తుమ్మెద మూతి పెట్టి జుర్రుతోంది. దాని గడ్డం నుంచి చుక్కలు కారుతున్నాయి. రమణమ్మ వంగి రాయి అడుగున చేయి పెట్టింది. అంచు వెంబడి చల్లగా నీళ్లు కదిలి అవతలికి పోవడం వేళ్లకు తెలిసింది.

ఆమెకు ఒంట్లో నెత్తురంతా మొహంలోకి వచ్చింది. కోపం కాదు అది. సంతోషం! దొరికింది! చెయ్యి మంచిదట, చెయ్యి! తన నీళ్లు తాగి అది ఏడు లీటర్లు ఇస్తోంది. మూడేళ్లుగా కాటుక గొంతు ఎండబెట్టి శేషమ్మ పేరు తెచ్చుకుంది.

సాయంత్రం గురవయ్యను తొట్టి దగ్గరికి లాక్కొచ్చి గీత చూపించింది.

"చూసినావా? నువ్వు నడుములు పడిపోయేటట్టు మోసేది మీ వదిన బర్రెకు."

గురవయ్య గీతను చూసి, పెళ్లాన్ని చూశాడు. "రెండు వేళ్ల నీళ్లకు ఇంతెత్తున నోరు తెరుస్తావేందే? ఎండకు ఇగిరిపోయిందేమో."

"ఎండకా? ఎండ మన పక్కనే కాస్తాదా? నీ కండ్లకు మీ అన్న ఇంటిది ఏది చేసినా ధర్మమే. నేను చూస్తేనే తప్పు."

శేషమ్మ పెరట్లో చొప్ప విరుస్తోంది. రమణమ్మ ఆమెను పిలవలేదు. గాలిలోకి అంది, గట్టిగా.

"కొందరి చెయ్యి మంచిదంట! మంది నీళ్లు తాపితే ఎవురి చెయ్యన్నా మంచిదే!"

శేషమ్మ చొప్ప కట్ట కింద పెట్టింది. "ఏంది రమణా, నన్నేనా?"

"రాయి కింద కారతాంది అక్కా. మా నీళ్లు మీ పక్కకు."

శేషమ్మ ఉలికిపడలేదు. రాయి వైపు చూడను కూడా చూడలేదు. "కారితే కారనీలే. పొయ్యేది బర్రె కడుపులోకే గదా. బండ మీద పోతాందా?"

అంటే తెలుసన్నమాట! తెలిసీ ఊరుకుందన్నమాట! రమణమ్మకు ఇంతకంటే సాక్ష్యం అక్కరలేదు.

రెండు రోజుల తర్వాత శేషమ్మ బత్తాయి తోటకు కూలికి పోయిన పూట, రమణమ్మ తన సగం తొట్టి ఎండబెట్టి, మరుగుదొడ్డికి తెచ్చి మిగిలిన సిమెంటు కలిపి రాయి అడుగున, అంచుల వెంట బొటనవేలు మందాన పూసింది. మేస్త్రికి ఉన్నట్టు తాపీ లేదు, చేత్తోనే పూసింది. వేళ్లు పొక్కాయి. పొక్కితే ఏం? పని గట్టిగా అయ్యింది.

సాయంత్రం శేషమ్మ వచ్చి చూసింది. చాలాసేపు చూసింది. వక్క ఊసి, "గట్టిగానే పూసినావు" అంది. కాటుక వైపు తిరిగి, "ఇంక నుంచి దానికి ఇంకో నాలుగు బకెట్లు ఎక్కువ పొయ్యి రమణా" అంది.

ఎంత పొగరు! నీళ్లు దోచుకున్నది కాక తనకు బర్రెను మేపడం నేర్పుతోంది. రమణమ్మ మొహం తిప్పుకొని లోపలికి పోయింది. ఒక్క బకెట్ కూడా ఎక్కువ పోయలేదు. దొంగతనం ఆగింది కదా, ఇక చూడు, కాటుక ఆరుకు ఎక్కుతుంది, తుమ్మెద ఐదుకు దిగుతుంది. ఫణికృష్ణ నోరు మూతపడుతుంది.

మూడో రోజు మిషన్ మీద నాలుగు వెలిగింది. ఐదో రోజు మూడున్నర. తుమ్మెద ఏడున్నర.

"రమణక్కా, మీ బర్రె నిజంగానే అలిగిందక్కా. చీర కొనియ్యి దానికి," అన్నాడు ఫణికృష్ణ. వరసలో ఉన్నవాళ్లు నవ్వారు. పాలు దిగక రమణమ్మ ఆ రోజు ఆలస్యంగా వచ్చింది. అప్పుడే వచ్చి క్యాన్ దించుతున్న శేషమ్మ మాత్రం నవ్వలేదు. ఆ నవ్వకపోవడమే ఎక్కువ కాల్చింది.

చిల్లు మూశాక కూడా తుమ్మెద పెరిగిందంటే, ఇది నీళ్ల దొంగతనం ఒక్కటే కాదు. కళ్లు. శేషమ్మ కళ్లే. రమణమ్మ ఎండుమిరపకాయలు, ఉప్పు కాటుక చుట్టూ తిప్పి పొయ్యిలో వేసింది. ఘాటు వచ్చింది. ఘాటు వస్తే దిష్టి లేదని అర్థం. ఆమె దాన్ని ఒప్పుకోలేదు. మిరపకాయలే మంచివి కావంది. కాటుక కొమ్ముకు నల్లతాడు కట్టింది. కొట్టానికి అడ్డంగా పాత దుప్పటి వేలాడదీసింది, అవతల నుంచి కళ్లు పడకుండా. పక్కింటి కొట్టం మీద తన కళ్లు మాత్రం రోజుకు ఇరవైసార్లు పడేవి. తుమ్మెద పొదుగు ఎంత జారిందో చూడకుండా ఆమె ముద్ద మింగలేదు.

పదో రోజు కాటుక మేత ముట్టలేదు. పేడ గట్టిపడి ఉండలు ఉండలుగా పడింది. మధ్యాహ్నానికి కింద పడుకుంది. తోక పట్టి లేపినా లేవలేదు. పొదుగు ఖాళీ సంచిలా వేలాడింది.

అప్పుడు రమణమ్మకు లీటర్లు గుర్తుకు రాలేదు. ఆ ఇంట్లో పిల్లల ఫీజుల నుంచి పచారీ దుకాణం దాకా నడిచేది ఆ ఒక్క బర్రె మీద. కాటుక పోతే రమణమ్మ మళ్లీ కూలికి పోవాలి, శేషమ్మతో కలిసి, శేషమ్మ వెనకాల. ఆమె కాటుక తల దగ్గర కూర్చొని "లెయ్యే తల్లీ, లెయ్యే" అని ఏడ్చింది.

గురవయ్య ఫోన్ చేస్తే పశువుల ఆస్పత్రి నుంచి యామిని స్కూటీ మీద వచ్చింది. పాతికేళ్ల పిల్ల, మాట గట్టిది. కాటుక మెడ మీద తోలు పట్టి లాగి వదిలింది. లాగిన తోలు మడతగా అట్లాగే నిలబడిపోయింది. కళ్లు చూసింది, లోపలికి పోయి ఉన్నాయి. పేడ ఉండను చెప్పుతో నొక్కి చూసింది.

"పెద్దమ్మా, దీనికి నీళ్లు ఎన్ని తాపుతున్నావు?"

"చాలినన్ని తాపుతాండా."

"చాలినన్ని అంటే నాకు తెలియదు. బకెట్లు చెప్పు."

రమణమ్మ గురవయ్య వైపు చూసింది. అతను నేల వైపు చూశాడు.

"నాలుగు."

"పొద్దున నాలుగా?"

"రోజుకు."

యామిని లేచి నిలబడింది. "నీ బకెట్ పదిహేను లీటర్లు. నాలుగు అంటే అరవై. ఈ ఎండలో, పాలిచ్చే బర్రెకు, నూరు లీటర్లకు తగ్గితే ఎట్ల బతుకుతాది? మనమే రోజంతా చెంబులు చెంబులు తాగుతుంటిమి. ఒక లీటరు పాలకు దాని ఒంట్లో నుంచి నాలుగైదు లీటర్ల నీళ్లు ఖర్చు. అది కాక మేత అరగాల, ఒళ్లు చల్లబడాల. నీళ్లు చాలకపోతే ముందు పాలు ఆపుతాది, తర్వాత మేత ఆపుతాది, తర్వాత…"

"నీళ్లు ఎక్కువైతే పాలు పల్చన…"

"ఎవురు చెప్పినారు? తాగిన నీళ్లు పాలలోకి నేరుగా వస్తాయా, కొళాయి తిప్పినట్టు? పాలు పిండంగానే దానికి ఎక్కువ దప్పిక. అప్పుడు ముందర పెట్టాల నీళ్లు." సెలైన్ సీసా వేపకొమ్మకు కట్టి, సూది గుచ్చి, మళ్లీ అడిగింది. "నాకు అర్థం కానిది ఒకటుంది పెద్దమ్మా. అరవై లీటర్ల నీళ్లతో ఇది ఇన్నాళ్లు పాలు ఇచ్చి ఉండే పనే లేదు. ఈ మధ్య దాకా ఎక్కడో తాగుతాండాది. ఎక్కడ తాగేది?"

రమణమ్మ కళ్లు తొట్టి నడిమి రాయి మీదికి పోయాయి.

యామిని ఉప్పు, బెల్లం కలిపిన నీళ్లు కొద్దికొద్దిగా పెట్టమంది. ఒకేసారి తొట్టి నింపవద్దంది. రెండు బకెట్లు, కాసేపు ఆగి ఇంకో రెండు. పొద్దుగూకేలోపు లేచి నిలబడకపోతే మళ్లీ ఫోన్ చేయమని వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం రమణమ్మకు కేంద్రానికి పోయే పని లేదు. మూడేళ్లలో మొదటిసారి ఆ వేళకు పెరట్లో ఉంది. వేలాడదీసిన దుప్పటి పక్కకు జరిపి కూర్చుంది.

శేషమ్మ పాలు పిండింది. క్యాన్ మూత పెట్టి నీడలో ఉంచింది. తర్వాత బకెట్ పట్టుకుంది. ఒకటి. రెండు. మూడు. నాలుగు. రమణమ్మ పెదవులు కదుపుతూ లెక్కపెట్టింది. ఐదు. పొద్దున కూడా ఇన్నే పోస్తుందేమో. అంటే పది! సోమరిది కాదు ఇది. చివర వచ్చేది ఇందుకు.

తుమ్మెద కడుపారా తాగి తల ఎత్తింది. అవతలి సగంలో ఇంకా జానెడు నీళ్లు మిగిలాయి. ఇవతలి సగం ఎండిపోయి ఉంది. నడుమ రాయి అడుగున తను పూసిన సిమెంటు, తన ఐదు వేళ్ల గుర్తులతో, బూడిద రంగులో గట్టిపడి ఉంది.

మధ్యాహ్నం ఒక్కపూట ఇటు నుంచి అటు. పొద్దున, సాయంత్రం అటు నుంచి ఇటు. ఆమె చూసింది మధ్యాహ్నం ఒక్కటే.

"నీకు తెలుసు," అంది రమణమ్మ.

శేషమ్మ బకెట్ బోర్లించింది. "ఏంది తెలుసు?"

"మీ నీళ్లు మా పక్కకు వచ్చేది."

"మూడేండ్ల నుంచి చూస్తాండా. తుమ్మెద తాగి వదిలినాక తెల్లారేసరికి మా పక్క సగమే ఉండేది. మీ కాటుక మూతి పెట్టి తాగేది. ఒక తల్లి పిల్లలే గదా, తాగనీలే అనుకుంటి."

"మరి చెప్పలేదేంది నాకు?"

"చెప్తే అప్పుడే పూడ్చేదానివి."

రమణమ్మ నిజంగానే పూడ్చి ఉండేది. శేషమ్మ పోసిన నీళ్లు తన బర్రె తాగుతోందని తెలిస్తే ఆ రోజే, రెండు చేతులా పూడ్చి ఉండేది. బర్రె ఎండిపోయినా సరే. ఆ సంగతి శేషమ్మకు తెలుసు, తనకంటే బాగా తెలుసు. అదే తట్టుకోలేని సంగతి. ఇన్నాళ్లూ ఆమె చేతిని చూసి ఏడ్చింది. ఇప్పుడు ఈ గుణాన్ని చూసి ఏడవాలా? తిట్టడానికి కూడా వీలు లేకుండా చేసింది కదా ఇది!

"బావ ఉలి ఉందా?" అంది.

"కొట్టంలో ఉంది. సుత్తి కూడా తెచ్చుకో."

మామ నుంచి బావకు వచ్చిన, పలకరాళ్లు చీల్చే సన్న ఉలి అది. రమణమ్మ తొట్టిలో దిగి కూర్చొని కొట్టడం మొదలుపెట్టింది. బాగా పూసిన సిమెంటు. పొద్దు వాలేదాకా కొట్టింది. శేషమ్మ కేంద్రానికి పోయి వచ్చింది, అప్పటికీ కొడుతూనే ఉంది. అడుగున బొటనవేలంత కన్నం పడింది. మునుపటి సందుకంటే పెద్దది. అవతలి నీళ్లు బుడబుడమంటూ ఇటు వచ్చాయి. కాటుక చెవి కదిపింది. ముందుకాళ్లు మడిచి, ఊగి, లేచి నిలబడింది. గురవయ్య తాడు విప్పి తీసుకొచ్చాడు. అది తొట్టిలో మూతి పెట్టిన చప్పుడు విని రమణమ్మ ఉలి కింద పెట్టింది.

"రెండు బకెట్లు పడినాయి. ఆపు, లాగు దాన్ని," అంది శేషమ్మ. "డాక్టరమ్మ చెప్పలేదా?"

అప్పటికీ పెత్తనమే! రమణమ్మ పళ్లు కొరికి తాడు లాగింది.

నాలుగు రోజులకు కాటుక మేత తింది. వారం తిరిగేసరికి మూడు లీటర్లకు ఎక్కింది. ట్యాంకర్ మనిషి వచ్చి "ఎంతమంది?" అని అడిగితే రమణమ్మ "ఐదుమంది" అంది.

"పోయినసారి నలుగురన్నావు?"

"కాటుకను రాయలే. రాసుకో. శేషమ్మక్క ఇంట్లో కూడా ఒకరు ఎక్కువ, తుమ్మెద. రాసుకోకపోతే ఈ పూట బండి కదలదు," అని టైరు ముందు బిందె పెట్టి కూర్చుంది. గంట తర్వాత అతను రాసుకోలేదు కాని చెరి ఆరు బిందెలు ఎక్కువ పట్టాడు. ఎవరో ఒకరు అడ్డం కూర్చోనిదే ఈ నేల మీద నీళ్లు కదలవు.

గురవయ్య ఇప్పుడు రెండు తిరుగుళ్లు ఎక్కువ తిరుగుతున్నాడు. ఒకరోజు తెల్లవారుతుండగా శేషమ్మ కళ్లు నులుముకుంటూ కొట్టంలోకి వచ్చేసరికి, రమణమ్మ అప్పటికే బకెట్లతో నీళ్లు పోస్తోంది. తన సగంలో కాదు.

"ఏమ్మే రమణా, అది మా పక్క!"

"తెలుసులే."

"ఎన్ని పోసినావు?"

"ఆరు."

శేషమ్మ తొట్టిలోకి చూసింది, రమణమ్మను చూసింది. "నేను ఐదే పోసేది."

"అందుకే ఆరు," అంది రమణమ్మ. బకెట్ దించి, రాయి అడుగున కన్నం నుంచి నీళ్లు తన వైపు కారడం వంగి చూసుకొని, పాల క్యాన్ ఎత్తుకుంది. ఆ రోజు తుమ్మెద ఏడు ఇస్తుంది, కాటుక నాలుగు దాటదు. అది మండుతూనే ఉంది. కాని రేపు శేషమ్మ ఏడు బకెట్లు పోస్తే తను ఎనిమిది పోయాలి. దానికి ఇంకా ముందు లేవాలి.